అక్టోబరు వానకు ముందే పండాలి: విలామెట్ లోయ ద్రాక్ష సంగతులు

అమెరికా వాయవ్య మూలన, ఒరెగాన్ రాష్ట్రంలో ఉన్న విలామెట్ లోయలో ఏడాదికి సుమారు 1000 మి.మీ. వాన పడుతుంది. మన కోస్తా జిల్లాల్లో పడేది కూడా ఇంచుమించు అంతే. తేడా అంతా కాలంలో ఉంది. అక్కడ వానలో ఎక్కువ భాగం నవంబరు నుంచి ఏప్రిల్ లోపు, ద్రాక్ష తీగ ఆకు రాల్చి నిద్రపోతున్నప్పుడు కురుస్తుంది. జూలై, ఆగస్టుల్లో చినుకు పడటమే అరుదు. మనకు వానాకాలమంతా తీగ పచ్చగా ఉండి ఆకు మీద తెగుళ్ళతో పోరాడుతుంది. అక్కడ ఆకు ఉన్న కాలంలో ఎక్కువ భాగం పొడి ఎండే.

దీనివల్ల ఆ లోయలో వైన్ ద్రాక్ష తోట పెట్టేవాళ్ళకు రెండు చిక్కులు వస్తాయి. చలికాలంలో కురిసిన నీరు నేలలో సెప్టెంబరు దాకా నిలవాలి. అక్టోబరులో మళ్ళీ ముసురు పట్టేలోపు కాయ పండాలి. ఏ కొండవాలు కొనాలి, ఏ నేల, ఏ రకం, తీగకు ఎన్ని గుత్తులు ఉంచాలి, ఆకు ఏ వైపు తుంచాలి అనే ప్రశ్నలన్నీ చివరికి ఈ రెండు చిక్కుల దగ్గరికే వస్తాయి. ఫ్రాన్స్‌లోని వైన్ ప్రాంతం బర్గండీతో పోల్చి విలామెట్‌ను "అమెరికా బర్గండీ" అనడం అలవాటైపోయింది. రెండు చోట్లా పినో న్వార్ అనే ఎర్ర వైన్ ద్రాక్షే ప్రధానం కాబట్టి ద్రాక్ష రకం వరకు ఆ మాట సరే. మిగతా విషయాల్లో అది దారి తప్పిస్తుంది. బర్గండీలో వేసవిలోనూ వానలు, వడగళ్ళు పడతాయి, నేల సున్నపురాతిది. విలామెట్ వేసవి పొడిది, నేల ఆమ్లగుణం ఉన్నది, సున్నపురాయి జాడే లేదు.

లోయ ఉత్తరాన పోర్ట్‌లాండ్ దగ్గర నుంచి దక్షిణాన యూజీన్ దాటి దాదాపు 240 కి.మీ. పొడవు ఉంటుంది. పడమట తీరపు కొండలు, తూర్పున కాస్కేడ్ పర్వతాలు. 45 డిగ్రీల అక్షాంశం మధ్యలో నుంచి పోతుంది కాబట్టి జూన్ చివర పగలు పదిహేనున్నర గంటలు సాగుతుంది. ఎండ తీవ్రత తక్కువైనా అది ఉండే గంటలు ఎక్కువ. జూలైలో మధ్యాహ్నం 27, 28 డిగ్రీలుంటే తెల్లవారుజామున 12 దాకా దిగుతుంది. కాయలోని మాలిక్ ఆమ్లం వేడి రాత్రుల్లో కరిగిపోతుంది, చల్లటి రాత్రుల్లో నిలుస్తుంది. ఈ వైన్లలో నోరూరించే పులుపుకు మూలం ఆ రాత్రులే.

చల్లని ప్రాంతం అనడానికి ఒక లెక్క ఉంది. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా రోజువారీ సగటు ఉష్ణోగ్రతలో 10 డిగ్రీలకు పైన ఉన్నదాన్ని కూడుకుంటూ పోతే, మొత్తం 1390 సెల్సియస్ డిగ్రీలు దాటని చోటును కాలిఫోర్నియాలో రూపొందించిన వింక్లర్ పద్ధతి మొదటి తరగతిలో, అంటే అన్నిటికంటే చల్లని తరగతిలో పెడుతుంది. విలామెట్ చాలాకాలం ఆ గీతకు బాగా కిందే ఉండేది. 2014, 2015 లాంటి వేడి ఏళ్ళలో ఆ గీత దాటింది. ఒకప్పుడు 250 మీటర్ల ఎత్తు దాటిన వాలులో కాయ పండదని వదిలేసేవారు. ఇప్పుడు అలాంటి చోట్లను వెతికి మరీ మొక్కలు నాటుతున్నారు. ఎత్తు 100 మీటర్లు పెరిగితే వేడి సుమారు 0.6 డిగ్రీలు తగ్గుతుందని గుర్తుంచుకుంటే ఈ మార్పు ఎందుకో తెలుస్తుంది.

తీరపు కొండల వరసలో ఒకచోట సందు ఉంది, పేరు వాన్ డూజర్. వేసవి మధ్యాహ్నాల్లో లోయ వేడెక్కి గాలి పైకి లేస్తే, పసిఫిక్ మీది చల్లగాలి ఈ సందులో నుంచి దూసుకొస్తుంది. అది నేరుగా తగిలేది ఇయోలా-ఆమిటీ కొండలకు. గాలి తాకిడికి కాయ చిన్నదిగా, తోలు మందంగా తయారవుతుంది, పులుపు నిలుస్తుంది. సందు ముఖాన ఉన్న ప్రాంతానికి 2019లో విడి వైన్ ప్రాంతంగా చట్టపరమైన గుర్తింపు వచ్చింది. దీనికి ఉత్తరాన డండీ కొండలు షహేలమ్ కొండల చాటున ఉండటంతో గాలి తక్కువ, కాయ కొన్ని రోజులు ముందు పండుతుంది. కారులో అరగంట దూరంలో ఉన్న రెండు తోటల మధ్య ఇంత తేడా రావడానికి సగం కారణం గాలి. రెండో సగం నేల.

నేల దగ్గరికి వెళ్ళేముందు తీగ ఏడాది చూద్దాం. హైదరాబాదు చుట్టుపక్కల ద్రాక్ష రైతు ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తాడు. ఏప్రిల్‌లో కొత్త కొమ్మల కోసం, అక్టోబరులో కాపు కోసం. మన వేడికి తీగ తనంతట తాను నిద్రపోదు కాబట్టి కత్తెరతో దానికి కాలం చెప్పాలి. విలామెట్‌లో ఆ పని చలే చేస్తుంది. కత్తిరింపు ఒక్కసారే, జనవరి నుంచి మార్చి లోపు. ఏప్రిల్ మధ్యలో మొగ్గ పగులుతుంది, జూన్ మధ్యలో పూత, ఆగస్టు మధ్యలో కాయ రంగు తిరుగుతుంది. పూత నుంచి కోతకు సుమారు 105 రోజులని అక్కడి వాడుక లెక్క. పూత జూన్ 15న అయితే కోత సెప్టెంబరు చివర పడుతుంది, నిశ్చింత. మే నెల చల్లగా ఉండి పూత జూలైలోకి జారితే కోత అక్టోబరు మధ్యకు వెళ్తుంది, అంటే వానలోకి. 2011లో జరిగింది అదే, కోతలు నవంబరులోకి సాగాయి.

ఇక నేల. ముందుగా ఒక వరద గురించి చెప్పాలి. మంచుయుగం చివరలో, సుమారు 15,000 ఏళ్ళ క్రితం, మోంటానాలో మంచు అడ్డుకట్ట వెనక నిలిచిన మిజూలా అనే మహా సరస్సు పదేపదే తెగింది. ఆ నీరు కొలంబియా నది వెంట వచ్చి విలామెట్ లోయను సుమారు 400 అడుగుల ఎత్తు వరకు ముంచింది. తూర్పు వాషింగ్టన్ ఒండ్రుమట్టి అంతా లోయ అడుగున పేరుకుంది. ఆ నేల గోధుమకు, గడ్డి విత్తనాలకు, హేజెల్‌నట్‌కు బంగారం. ద్రాక్షకు మాత్రం చేటు. లోతైన సారం, నీరు దొరికితే తీగ సెప్టెంబరులోనూ కొత్త ఆకు వేస్తూనే ఉంటుంది, కాయను పట్టించుకోదు. పైగా చల్లగాలి బరువైనది కాబట్టి రాత్రి వాలు దిగి లోయలో మడుగు కడుతుంది, ఏప్రిల్ చిగురు మాడిపోతుంది. అందుకే తోటలు కొండవాలుకు ఎక్కాయి. డండీ కొండల ప్రాంతం హద్దును చట్టమే 200 అడుగుల ఎత్తు దగ్గర మొదలుపెట్టింది.

వాలు మీద పేరు మోసిన నేల జోరీ. సుమారు ఒకటిన్నర కోట్ల ఏళ్ళ క్రితం తూర్పు నుంచి ప్రవహించి వచ్చిన కొలంబియా నది బసాల్టు లావా నలిగి తయారైన ఎర్ర బంకనేల ఇది. 2011లో ఒరెగాన్ దీన్ని రాష్ట్ర నేలగా ప్రకటించింది. మనకు బసాల్టు అనగానే దక్కన్ నల్లరేగడి గుర్తొస్తుంది, అక్కడ ఎరుపెలా వచ్చిందన్న సందేహం కలుగుతుంది. జవాబు మన దగ్గరే ఉంది. జహీరాబాద్, వికారాబాద్ వైపు మెరకల్లో అదే దక్కన్ బసాల్టు మీద ఎర్ర లాటరైట్ నేల కనిపిస్తుంది. నీరు కదలకుండా నిలిచే పల్లంలో రాతిలోని కాల్షియం, మెగ్నీషియం అక్కడే ఉండిపోయి, తడిస్తే ఉబ్బి ఎండితే బీటలు వారే నల్లమన్ను తయారవుతుంది. నీరు జారిపోయే ఎత్తులో అవి కొట్టుకుపోయి ఇనుము మిగిలి తుప్పు రంగు పడుతుంది. డండీ కొండలు ఈ రెండో కోవవి. (తెలంగాణ చెల్క నేలల ఎరుపు వేరు, వాటికి పుట్టుక గ్రానైటు.)

జోరీ నాలుగైదు అడుగులకు పైగా లోతుంటుంది. బంకమన్నే అయినా రేణువులు ముద్దగా కాకుండా గుళికలుగా కట్టడం వల్ల నీరు ఇంకుతుంది, నిలుస్తుంది, ఎక్కువైతే జారుతుంది. వేరు లోతుకు దిగాక చాలా తోటలకు నీటి తడి అక్కర్లేదు. ఆగస్టు ఎండల్లోనూ తీగ మెల్లగా తాగుతూ ఉంటుంది కాబట్టి పంట నిదానంగా పండుతుంది. వైన్‌లో ఎర్ర చెర్రీ, రాస్‌బెర్రీ వాసనలు, మెత్తని వగరు వస్తాయి. ఇదే నేల రాయికి దగ్గరగా, 20 నుంచి 40 అంగుళాల లోతే ఉంటే దాన్ని నెకియా అంటారు. ఇయోలా-ఆమిటీ కొండల్లో ఇదే ఎక్కువ. పైన గాలి, కింద లోతులేని నేల. అక్కడి పంట తక్కువ, వైన్ బిగువు ఎక్కువ.

విలకెంజీ అనే నేల కథ పూర్తిగా వేరు. తీరపు కొండలు పైకి లేచినప్పుడు వాటితో పాటు లేచిన పాత సముద్రపు అడుగు అది. ఇసుకరాయి, ఒండ్రురాయి పొడి అయిన పసుపు-గోధుమ రంగు నేల. యామ్‌హిల్-కార్ల్‌టన్, రిబ్బన్ రిడ్జ్ ప్రాంతాల్లో ఉంటుంది. రాయి మూడడుగుల లోపే తగులుతుంది, నీరు త్వరగా ఖాళీ అవుతుంది. ఆగస్టు మొదటికే తీగకు దాహం తెలుస్తుంది, కొమ్మ చివర పెరుగుదల ఆగుతుంది, చక్కెర కాయకు మళ్ళుతుంది. అందుకే ఇక్కడ కోత జోరీ కంటే ముందు. వైన్ ముదురు రంగు, నల్లపండ్ల వాసన, గట్టి వగరు. వేడి ఏడాదిలో లేత తోటకు ఇక్కడ బిందు సేద్యం లేకపోతే ఆకు పసుపు తిరిగి పండటమే ఆగిపోతుంది. దాహం కొంతవరకు మేలు చేస్తుంది, హద్దు దాటితే ఆకు మూసుకుని పని మానేస్తుంది.

మూడోది లారెల్‌వుడ్. వరద మిగిల్చిన ఒండ్రును గాలి ఎత్తుకొచ్చి షహేలమ్ కొండల ఉత్తర వాలు బసాల్టు మీద పోసింది. పిండిలాంటి మన్ను, అందులో బఠాణీ గింజలంత ఇనుము-మాంగనీసు గుళ్ళు. 2020లో ఈ నేల పేరుతోనే ఒక ప్రాంతానికి గుర్తింపు ఇచ్చారు. పోర్ట్‌లాండ్ పక్కన హిల్స్‌బరో, బీవర్టన్‌లలో ఉండే మనవాళ్ళకు ఇదే అన్నిటికంటే దగ్గరి కొండ. దీని జబ్బు మట్టి కొట్టుకుపోవడం. శరదృతువులో దున్ని వదిలేస్తే చలికాలపు వానకు పైమన్ను రోడ్డు మీదికి వస్తుంది.

బసాల్టు వైన్‌లో ఇనుము రుచి ఉంటుందని, సముద్రపు నేల వైన్‌లో ఉప్పు తగులుతుందని చెప్పేవాళ్ళు ఉన్నారు. నేను ఒప్పుకోను. వేరు రాతిని పీల్చదు, నీటిలో కరిగిన అయాన్లను తీసుకుంటుంది. అవి వైన్‌లో చేరే మోతాదు నాలుకకు అందదు. పైన చెప్పిన తేడాలన్నీ చూడండి: నేల ఎంత నీరు దాచుకుంది, ఏ నెలలో ఖాళీ అయింది, దానివల్ల కాయ ఎంత సైజుకు ఆగింది, ఏ తేదీకి పండింది. నేల రుచి అని మనం అనేది ఎక్కువగా ఈ నీటి లెక్కే.

అయితే రసాయనంగా ఈ నేలలకు లోటు ఉంది. వానకు కొట్టుకుపోయి, ఆమ్లగుణాన్ని కొలిచే పి.హెచ్. 5.5 కంటే కిందికి దిగిన చోట అల్యూమినియం వేరును కాలుస్తుంది, భాస్వరం అందదు. సున్నం చల్లితే బాగవుతుంది కానీ అది మట్టిలో కిందికి దిగదు, కలియదున్నాలి. మొక్క నాటాక లోతుగా దున్నలేం. కాబట్టి నాటకముందే మట్టి పరీక్ష చేయించి, ఫలితాన్ని బట్టి సున్నం వేసి దున్నడమే మార్గం. ఈ పని వాయిదా వేసిన తోటలు ఏళ్ళ తరబడి ఎదుగూ బొదుగూ లేకుండా ఉంటాయి. రెండో లోటు బోరాన్. అది తగ్గితే పూత ఉన్నా పిందె కట్టదు, గుత్తిలో గింజలేని చిట్టి కాయలు మిగులుతాయి. పూతకు ముందు ఆకు మీద కొద్ది మోతాదులో పిచికారీ చేస్తారు. మోతాదు దాటితే బోరాన్ విషమవుతుంది, ఆకు పరీక్ష లేకుండా వేయకూడదు. వరుసల మధ్య గడ్డి పెంచి, వసంతం చివర వరుస విడిచి వరుస దున్నుతారు. దున్నిన వరుస నీటిని తీగకు మిగులుస్తుంది, గడ్డి వరుస ట్రాక్టరును, మట్టిని కాపాడుతుంది.

ఈ లోయ ద్రాక్ష అంటే ప్రధానంగా పినో న్వార్. తోటల్లో మూడింట రెండు వంతులకు పైగా అదే. 1965లో డేవిడ్ లెట్ కాలిఫోర్నియా నుంచి కొమ్మలు తెచ్చి నారు పోసి, మరుసటి ఏడాది డండీ కొండల్లో నాటాడు. ఇంత చలిలో, ఇంత వానలో ద్రాక్ష పండదని ఆయనకు గట్టిగా చెప్పారు. ఆయన ఐరీ తోట 1975 పినో 1979లో పారిస్ పోటీలో మొదటి పదింటిలో నిలిచింది. 1980లో బర్గండీ వ్యాపారి రాబర్ట్ ద్రూయాఁ పెట్టిన మారుపోటీలో రెండో స్థానం, అదీ వెంట్రుకవాసి తేడాతో. 1987లో ద్రూయాఁ కుటుంబమే డండీలో భూమి కొంది. లెట్ తర్కం చాలా సూటిది: కాయ పండే వేళ, చల్లటి వాతావరణం మొదలయ్యే వేళ ఒకటి కావాలి. త్వరగా పండే పినోను వేడి చోట పెడితే ఆగస్టులోనే చక్కెర నిండిపోతుంది, సువాసన తయారవ్వదు.

పినో తోలు పలచన, గుత్తి బిగుతు. లోపలి కాయలు ఒకదాన్నొకటి నొక్కి పగులుతాయి, తడి తగిలితే బూడిదరంగు కుళ్ళు పడుతుంది. అక్టోబరు వాన భయం అంతా దీనివల్లే. ఇందులో క్లోన్ల (ఒకే తల్లి తీగ కొమ్మల నుంచి పెంచిన ఉపరకాల) ఎంపిక కీలకం. మొదటి తరం తోటల్లో పొమ్మార్, వేడెన్స్‌విల్ ఉండేవి. 1980లలో ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ ద్వారా ఫ్రాన్స్ నుంచి డిజోన్ క్లోన్లు 113, 114, 115, ఆ తరవాత 667, 777 వచ్చాయి. ఇవి త్వరగా పండుతాయి, చల్లటి ఏళ్ళలో కాపాడతాయి. వేడి ఏళ్ళలో అదే గుణం బరువవుతోంది, చక్కెర ముందుకు పరుగెడుతుంది. అందుకే నిదానంగా పండే వేడెన్స్‌విల్ విలువ మళ్ళీ పెరిగింది. షార్డొనే అనే తెల్ల వైన్ ద్రాక్ష విషయంలో ఈ ఎంపిక ఇంకా పెద్ద మలుపు. కాలిఫోర్నియా నుంచి తెచ్చిన 108వ క్లోన్ ఇక్కడ వానలోపు పండక పుల్లగానే మిగిలేది, చాలామంది పీకేశారు. డిజోన్ 76, 95, 96 వచ్చాకే విలామెట్ షార్డొనే నిలబడింది. పినో గ్రీ, రీస్లింగ్, గమే రకాలు కూడా బాగా వస్తాయి. పండీ పండని 18, 19 బ్రిక్స్ (రసంలో చక్కెర కొలత) దగ్గర కోసి నురగ వైన్ చేయడం ఈ మధ్య జోరందుకుంది.

1990లో ఇక్కడి తోటల్లో ఫిలోక్సెరా అనే వేరుపేను బయటపడింది. అప్పటిదాకా చాలా తోటలు సొంత వేళ్ళ మీదే ఉన్నాయి. ఇప్పుడు నాటేవన్నీ దాదాపు అంటుమొక్కలే. వేరుమొక్కగా, అంటే అంటుకు కింద వేరునిచ్చే మొక్కగా, 3309 అనే రకం అన్నిచోట్లా నడుస్తుంది. 101-14, రిపారియా అనే వేరుమొక్కలు పంటను కొన్ని రోజులు ముందుకు తెస్తాయి కానీ దాహానికి ఓర్వలేవు. లోతైన జోరీలో అవి సరే, పలచని విలకెంజీలో నీటి వసతి లేకుండా పెడితే కష్టం.

కాపు లెక్క ఇలా వేస్తారు. వరుసల మధ్య 7 అడుగులు, తీగల మధ్య 5 అడుగులు పెడితే ఎకరానికి 1245 తీగలు. ఎకరానికి రెండున్నర అమెరికన్ టన్నులు, అంటే 2270 కిలోలు కావాలంటే తీగకు 1.8 కిలోలు. గుత్తి 115 గ్రాములనుకుంటే 16 గుత్తులు. తీగకు 16 కొమ్మలు ఉంచి, ఒక్కో కొమ్మకు రెండు గుత్తులు వస్తే ఒకటి తుంచేస్తారు. ఎన్ని తుంచాలో తెలియాలంటే పూత అయిన 50, 55 రోజులకు, గింజ గట్టిపడుతూ కాయ పెరుగుదల ఆగే వేళలో, గుత్తులు కోసి తూచాలి. కోతనాటికి బరువు దానికి సుమారు రెట్టింపు అవుతుంది. తోటలో బాగున్న గుత్తుల్నే ఏరి తూస్తే లెక్క తప్పుతుంది. తీగను ముందే నిర్ణయించుకుని దాని గుత్తులన్నీ కోయాలి. ఇదంతా కుదిరినా చల్లటి ఏడాదిలో రెండు టన్నులే పండుతాయి, వేడి ఏడాదిలో మూడు కూడా పండుతాయి. ఒకే అంకె పట్టుకు కూర్చుంటే నష్టం.

పిందె కట్టగానే గుత్తుల దగ్గర ఆకు తుంచుతారు, ఉదయపు ఎండ తగిలే తూర్పు వైపు మాత్రమే. పడమటి ఆకు ఉంచకపోతే మధ్యాహ్నపు ఎండకు కాయ మాడుతుంది. పొడి వేసవి వల్ల మనల్ని బాధించే బూజు తెగులు అక్కడ పెద్ద బెడద కాదు. బూడిద తెగులు మాత్రం ఆకు తడవకపోయినా, 20, 27 డిగ్రీల మధ్య హాయిగా పెరుగుతుంది. పూత నుంచి నాలుగు వారాలు కాయకు ప్రమాదకాలం. ఆ రోజుల్లో గంధకం పిచికారీ వారం, పది రోజులకు మించి ఆలస్యం చేయకూడదు. 32 డిగ్రీలు దాటే రోజున కొడితే ఆకు కాలుతుంది. కోతకు ఐదారు వారాల ముందే ఆపేస్తారు, లేకపోతే మిగిలిన గంధకం పులియబెట్టేటప్పుడు కుళ్ళిన గుడ్డు వాసన పుట్టిస్తుంది.

సెప్టెంబరు చివర అందరి కళ్ళూ వాతావరణ సూచన మీదే. వరుసకు రెండు వైపుల నుంచీ వంద, రెండువందల కాయలు ఏరి రసం తీసి 22 నుంచి 24 బ్రిక్స్, పి.హెచ్. 3.2 నుంచి 3.5 ఉందేమో చూస్తారు. గింజ నమిలితే పచ్చి చేదు పోయిందా అన్నది అంతకంటే ముఖ్యం. ఒక మోస్తరు జల్లు పడి వెనకే పొడిగాలి వీస్తే భయం లేదు. కాయ నీరు తాగి చక్కెర పలచబడినా నాలుగైదు పొడి రోజుల్లో తిరిగి చేరుకుంటుంది. వెచ్చగా, గాలి లేకుండా మూడు రోజులు ముసురు పట్టిందా, కుళ్ళు గుత్తి లోపల మొదలవుతుంది, బయటికి కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. 2013 సెప్టెంబరు చివరి భారీ వానలకు ముందు కోసినవాళ్ళ వైన్, తరవాత కోసినవాళ్ళ వైన్ ఒకే ఏడాదివంటే నమ్మడం కష్టం.

వాన ఒక్కటే శత్రువు కాదని ఇటీవలి ఏళ్ళు చూపించాయి. 2020 సెప్టెంబరులో తూర్పుగాలులకు అడవులు అంటుకుని పొగ లోయను కమ్మేసింది. పొగలోని గ్వాయకాల్ వంటి పదార్థాలు తోలులో చక్కెరతో ముడిపడి దాక్కుంటాయి, కాయ తింటే తెలియదు, పులిసేటప్పుడు విడిపోయి బూడిద రుచి ఇస్తాయి. అందుకే కోతకు ముందు బకెట్టులో కొద్దిగా పులియబెట్టి చూస్తారు. తోలుతో కలిపి పులిసే ఎర్ర వైన్‌కు దెబ్బ ఎక్కువ, వెంటనే పిండే తెల్ల వైన్‌కు తక్కువ. 2021 జూన్ 28న పోర్ట్‌లాండ్‌లో 46.7 డిగ్రీలు నమోదైంది. పిందె చిన్నగా, పచ్చిగా ఉన్న దశ కాబట్టి చాలా తోటలు బయటపడ్డాయి. 2022 ఏప్రిల్ మంచుకు మొదటి చిగురు మాడింది. కానీ పినో కణుపులో దాగిన రెండో మొగ్గ కూడా కాస్తుంది, అనుకున్నదానికంటే మంచి పంటే వచ్చింది.

సీసా కొనేవాళ్ళకు ఒక మాట. ఒరెగాన్ చట్టం అమెరికా మొత్తానికున్న చట్టం కంటే గట్టిది. సీసా మీద పినో న్వార్ అని రాయాలంటే 90 శాతం ఆ ద్రాక్షే ఉండాలి, దేశం మొత్తానికి 75 చాలు. ప్రాంతం పేరు రాస్తే 95 శాతం అక్కడిదే కావాలి, మిగతా చోట్ల 85. ఉత్త "విలామెట్ వ్యాలీ" అని ఉంటే రకరకాల వాలుల పంట కలిపినదై ఉండొచ్చు. నేలల తేడా తెలుసుకోవాలంటే ఒకే తయారీదారు, ఒకే ఏడాది, డండీ హిల్స్ ఒకటి, యామ్‌హిల్-కార్ల్‌టన్ ఒకటి, ఇయోలా-ఆమిటీ ఒకటి తీసుకుని 14, 15 డిగ్రీల చల్లదనంలో పక్కపక్కన పెట్టి రుచి చూడండి. ఏడాది 2012 లాగా పొడిగా ముగిసినదైతే తేడాలు ఇంకా స్పష్టంగా ఉంటాయి.